ఆయుధపూజ సెలవుల్లో నా ఐదేళ్ల ప్రణాళిక

ఆ ఏడు దసరాకు మా కాలేజీ వాళ్లు ఐదు రోజులు సెలవిచ్చారు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఐదు రోజులంటే ఎక్కువే. ఊరికే ఇవ్వలేదు, వాటికి ఒక పని తగిలించి ఇచ్చారు. ముందురోజు సాయంత్రం స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాలు మనిషికొక కాగితం పంచాడు. పైన 'రాబోయే ఐదేళ్లలో నా వృత్తి లక్ష్యాలు' అని అచ్చువేసి ఉంది. కింద ఖాళీ గీతలు. సెలవుల్లో ప్రశాంతంగా కూర్చుని, బాగా ఆలోచించి, నింపి, కాలేజీ తెరిచిన రోజు తెచ్చివ్వాలన్నాడు.

పద్నాలుగేళ్లుగా అదే నంద్యాలలో, అదే మూడో అంతస్తులో, ఫ్యాను తిరగని అదే గదిలో ఫిజిక్సు చెబుతున్నాను. ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండాలి. పక్కన కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరర్ దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబు రుమాలుతో పాటు లోపలికి తోసేశాడు. నాకు మాత్రం ఆశ పుట్టింది. ఇంటికి పోతూ దారిలో రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, కొత్త స్కేలు కొన్నాను. వాళ్లిచ్చిన ఒక్క కాగితం నా లక్ష్యాలకు చాలదనిపించింది.

నా స్వభావం గురించి ఇక్కడే చెప్పేస్తే మంచిది. నాకు పని చేయడం కంటే పనికి సిద్ధం కావడం ఇష్టం. మొదటి రోజంతా గీతలు గీశాను. నిలువుగా ఐదేళ్లు, అడ్డంగా ఉద్యోగం, చదువు, ఆరోగ్యం, కుటుంబం. ఒక గీత వంకర పోతే ఆ పేజీ చింపేసి మళ్లీ మొదటి నుంచి గీశాను. సాయంత్రానికి గళ్లు తయారయ్యాయి. ఒక్క గడిలోనూ అక్షరం పడలేదు. అయినా ఏదో సాధించినవాడిలా రెండు పూటల అన్నం ఒకే పూట తిన్నాను.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో పని జరుగుతోంది. నిజంగా జరగవలసిన పని అదే.

నా భార్య అప్పటికి ఎనిమిదేళ్లుగా నంద్యాలలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. ఆ ఏడాది ప్రభుత్వ టీచరు పరీక్ష రాసింది. పాసైంది. జాబితాలో పేరు వచ్చింది. ఇక సర్టిఫికెట్లన్నీ వెబ్‌సైటులో ఎక్కించి, చివరి బటను నొక్కాలి. అంతే మిగిలింది. ఈసారి తప్పితే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా అప్పటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. తొమ్మిదో తరగతి చదివే మా పాపకు కూడా తెలుసు.

ఒక్క సర్టిఫికెట్టు అందలేదు. ఆమె చిన్నప్పుడు చదువుకున్న బడి పాములపాడులో ఉంది. వాళ్ల నాయన అక్కడ కిరాణా అంగడి పెట్టుకుని బతికిన మనిషి. ఆ బడి నుంచి స్టడీ సర్టిఫికెట్టు కావాలి. హెడ్మాస్టరు సెలవులకు వాళ్ల ఊరికి పోయాడు. ఆమె ఆత్మకూరులో బస్సు మారి రెండుసార్లు పాములపాడుకు పోయి వచ్చింది. రెండోసారి ఆయన వస్తానన్న గంటకు రాకపోతే, బడి గేటు ముందు ఎండలో మూడు గంటలు నిలబడిందట. నేను ఒక్కసారి కూడా వెంట పోలేదు. పైగా, వేళకు కాఫీ ఇచ్చేవాళ్లు లేరని ఆ రెండు రోజులూ పాప మీద కస్సుబుస్సులాడాను.

ఇంకొక మాట. ఆ పరీక్షకు దరఖాస్తు నింపింది నేను. ఫోను నంబరు అడిగిన చోట నా నంబరు వేశాను. గ్యాసు సిలిండరు నుంచి పాప స్కూలు దాకా మా ఇంట్లో అన్నింటికీ నా నంబరే. నాది ఇవ్వొచ్చు గదా అని ఆమె అప్పుడే అడిగింది. రకరకాల మెసేజీలు వస్తాయి, ఏది ముఖ్యమో నీకు తెలియదులే అన్నాను. ఎమ్మే, బీఈడీ చదివిన మనిషితో ఆ మాట అన్నాను.

మూడో రోజుకు నాకు ఇల్లంటే విసుగొచ్చింది. వీధి చివర దసరా పందిట్లో మైకు, ఇంట్లో మిక్సీ, పాప టీవీ. నేను నోటుబుక్కు తెరవడం, మూయడం. ఇంత గోలలో మనిషి జీవితం ఎట్లా దిద్దుకుంటాడని గట్టిగానే అరిచాను. నువ్వు దిద్దుకో నాయనా, నేను టీవీ సౌండు తగ్గిస్తాను అంది పాప. తగ్గించింది కూడా. అయినా నాకు ఆలోచన సాగలేదు. తప్పు ఇంటిదేనని తేల్చుకుని, ఆళ్లగడ్డకు మా అక్క ఇంటికి పోయి రాసుకుని వద్దామనుకున్నాను.

నాలుగో రోజు ఆయుధపూజ. నేను బయలుదేరేటప్పటికి నా భార్య ఫైలు ముందేసుకుని కూర్చుని ఉంది. ముందురోజు సాయంత్రమే హెడ్మాస్టరు పంపిన సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. ఆ రోజే గడువు, సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. పండగైనా వెబ్‌సైటుకు సెలవు లేదు. తెరిచి ఉన్న నెట్‌సెంటరు ఎక్కడుందో ఆమె అప్పటికే కనుక్కుంది.

"అన్నీ నేనే ఎక్కించుకుంటా. లాస్టులో ఓటీపీ మీ ఫోనుకే వస్తాది. ఫోను మాత్రం దగ్గర పెట్టుకోండి" అంది.

"ఎన్నిసార్లు చెప్తావ్?" అన్నాను.

ఆమె చెప్పింది అదే మొదటిసారి.

మా అక్క వాళ్లది హార్డ్‌వేర్ అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. వాళ్ల వీధిలో వరసగా శిల్పులు. మామూలు రోజుల్లో అక్కడ ఉలి చప్పుడు, రాయి కోసే మిషన్ల రొద, తెల్లటి దుమ్ము. కిటికీ తెరిస్తే పుస్తకం మీద పడ్డ దుమ్ములో వేలితో పేరు రాయొచ్చు. ఆ రోజు మాత్రం వీధంతా నిశ్శబ్దం. ఉలులు, సుత్తులు, మిషన్లు అన్నీ కడిగి బొట్లు పెట్టి పూజలో కూర్చోబెట్టారు. సగం చెక్కిన నందుల మధ్య కుక్కలు పడుకుని ఉన్నాయి. నా కోసమే ఊరు నోరు మూసుకుందని సంతోషపడ్డాను.

మేడ మీద గదిలో కూర్చుని రెండు గంటలు ఏకబిగిన రాశాను. మొదటి ఏడు పీహెచ్‌డీకి చేరడం. రెండో ఏడు కర్నూలులో పెద్ద కాలేజీకి మారడం. మూడో ఏడు సొంతంగా కోచింగ్ సెంటరు. ఒక్కో గడి నిండుతుంటే ఆ పనులన్నీ చేసేసినట్టే ఒళ్లు తేలికపడింది. కుటుంబం అన్న వరసకు వచ్చాను. నాలుగో ఏడు గడిలో, 'ఆమె స్కూలు మానేసి ఇంటి దగ్గరుండి పాప చదువు చూసుకోవాలి' అని నీలం పెన్నుతో రాసి కింద ఎర్ర గీత కొట్టాను. సరిగ్గా ఆ వేళకు ఆమె నంద్యాలలో నెట్‌సెంటరు బెంచీ మీద వరసలో కూర్చుని ఉంది.

మధ్యాహ్నం బావ పూజకు రమ్మని కిందికి పిలిచాడు. అంగడి మధ్యలో పీటలు వేసి, పసుపు గుడ్డ పరిచి, తక్కెడ, స్పానర్లు, డ్రిల్లింగ్ మిషను, కమ్ముల కటింగ్ బ్లేడు, గల్లాపెట్టె తాళంచెవులు వరసగా పెట్టారు. పక్కన బిల్లింగ్ కంప్యూటరుకు బంతిపూల దండ, తెర మీద మూడు అడ్డ బొట్లు. మా బావ వాళ్ల ఇంటి పద్ధతి ఏమిటంటే, పూజలో పెట్టిన పనిముట్టును మరుసటి రోజు పొద్దున రెండో హారతి అయ్యేదాకా ఎవరూ ముట్టరు. కొన్నేళ్లుగా బావ ఆ వరసలో ఫోన్లు కూడా పెడుతున్నాడు.

"మా నాయన కాలంలో తక్కెడ. ఇప్పుడు నా యాపారమంతా దీంట్లోనే గదప్పా" అంటూ తన ఫోనుకు గంధం పూసి పీట మీద పెట్టాడు. అక్కది పెట్టాడు. నా వైపు చూసి నవ్వి, "నీది గూడా పెడితే పెట్టు బామ్మర్దీ. నువ్వు దాంతో ఏం పని చేస్తావో నాకు తెల్దుగానీ" అన్నాడు.

నేను పెట్టాను.

మరిచిపోయి పెట్టానని చాలా కాలం అందరికీ చెప్పుకున్నాను. నాలో నేను కూడా అదే చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు గుర్తుంది. జేబులోంచి ఫోను తీసేటప్పుడు, ఓటీపీ ఈ పాటికి వచ్చి ఉండాలి గదా అనుకున్నాను. తెర చూశాను. రాలేదు. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆమెకు ఉద్యోగం వస్తే ఏ మూల మండలంలో వేస్తారో తెలియదు. నేను అప్పుడే గీసి నింపిన గళ్లన్నీ తారుమారవుతాయి. ఆ ఆలోచన రావడం, అదేమిటో నాకు తెలియడం, తెలియనట్టు చెయ్యి ముందుకు చాపడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. ఫోను మీద బావ పెట్టిన గంధం చల్లగా ఉందని కూడా గుర్తుంది.

భక్ష్యాలు తింటూ ఉండగా పీట మీద నా ఫోను మోగింది. తెర మీద నా భార్య పేరు. ఫోను అదురుకుంటూ పసుపు గుడ్డ మీద రవంత జరిగింది, దాని మీది పువ్వు కింద పడింది. తీసి మాట్లాడరా, దేవుడేమీ అనుకోడు అంది అక్క.

"పెట్టినాంక ముట్టగూడదు. రేపు పొద్దున్నే గదా" అన్నాడు బావ. అని ఆగి నా ముఖం చూశాడు. నిర్ణయం నాకే వదిలాడని ఆ చూపులోనే ఉంది.

మీ ఇంటి పద్ధతి నేనెందుకు చెరపాలి బావా అని నెయ్యి వడ్డించుకున్నాను.

ఆగి మళ్లీ మోగింది. తర్వాత అక్క ఫోను మోగింది. ఆ వెంటనే బావ ఫోను. మూడు ఫోన్లూ దేవి పటం ముందు ఒకదాని తర్వాత ఒకటి అదురుతుంటే అక్క విస్తరి ముందు నుంచి లేచింది. మూడు ఫోన్లకూ చేస్తాందంటే ఏందో అయ్యుంటాదిరా, నేను తీస్తా అంది. పాప ఏదో అడుగుతుంటుందిలే, కూర్చో అక్కా అన్నాను. అక్కను ఆపింది బావ కాదు, పద్ధతీ కాదు. నేను ఆపాను. తర్వాత మేడెక్కి, ఐదో ఏడు గళ్లు నింపుతూ నింపుతూ నిద్రపోయాను.

నాలుగున్నర దాటాక కింద చెప్పులు విడిచిన చప్పుడుకు మెలకువ వచ్చింది. దిగేసరికి నా భార్య అంగడిలో నిలబడి ఉంది. చేతిలో ఫైలు. నంద్యాలలో నెట్‌సెంటరు నుంచి ఒంటిగంటకు మొదలుపెట్టి ఫోన్లు చేసి, ఎవరూ ఎత్తకపోతే మూడింటికి బస్సెక్కిందట. అన్నీ ఎక్కించేసింది. చివరి బటను ఒక్కటే మిగిలింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా పీట దగ్గరికి పోయి నా ఫోను తీసుకుని, పైటకొంగుతో గంధం తుడిచింది.

"నెట్‌సెంటరు యాడుండాదన్నా ఈడ?" అని మా బావను అడిగింది.

"ఈ పొద్దు అన్నీ మూసింటారమ్మా. ఏమైంది?"

ఆమె రెండు మాటల్లో చెప్పింది. బావ అడుగు ముందుకు వేసి, బిల్లింగ్ కంప్యూటరుకు తానే వేసిన దండ తెంపి పక్కన పారేశాడు. చొక్కా చేత్తో తెర మీది బొట్లు తుడిచాడు. ప్లగ్గు పెట్టి, స్టూలు జరిపి, కూర్చో తల్లీ తొందరగా అన్నాడు. వాళ్ల నాయన కాలం నుంచి వస్తున్న పద్ధతి చెరపడానికి ఆయనకు పట్టిన సమయం అంతే.

కంప్యూటరు పాతది. తెర వెలగడానికే చాలాసేపు పట్టింది. సైటు తెరుచుకునేసరికి గోడ గడియారంలో ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. లాగిన్ అయింది. నా ఫోను తన ఒళ్లోనే పెట్టుకుంది. ఓటీపీ వచ్చింది, కొట్టింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. దేశంలో చివరి నిమిషం దాకా ఆగినవాళ్లందరూ ఆ చక్రంలోనే ఉన్నట్టు తిరుగుతూనే ఉంది. మేం ముగ్గురం ఆమె వెనక నిలబడి చూస్తున్నాం. అది ఆగేటప్పటికి గడువు ముగిసిందని వచ్చింది.

ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. మళ్లీ అదే. అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఫోను మోగింది ఇనపడలేదా?"

బావ ఏదో చెప్పబోయాడు. అక్క నా వైపు చూసింది. వినపడలేదని చెప్పే వీలు ఇంకా ఉంది. వాళ్లిద్దరూ నన్ను కాపాడి ఉండేవాళ్లేమో కూడా.

"వినపడింది" అన్నాను.

"అట్లనా" అంది.

ముఖం కడుక్కుంటానని మేడ మీదికి పోయింది. బావ స్టూలు మీద కూలబడ్డాడు. "నేను తమాషాకంటి గదప్పా. ఒక్క మాట చెప్పింటే నేనే తీసిచ్చిందును" అన్నాడు. నిజమే, ఇచ్చి ఉండేవాడు. ఆయన మీద కోప్పడదామని చూశాను. కంప్యూటరు మీద, సైటు మీద, పాములపాడు హెడ్మాస్టరు మీద కోప్పడదామని చూశాను. ఎవరి మీదా కోపం నిలబడలేదు.

ఆమె దిగేటప్పుడు చేతిలో నా నోటుబుక్కు ఉంది. మంచం మీద తెరిచి పెట్టి వచ్చాను. కౌంటరు మీద పరిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"నాకు చెప్పకుండానే బడి మాన్పించినారే. ఏ నెల నుంచి?"

నెల నేను రాయలేదు.

"సర్కారు బడిలోకి పోనిచ్చేది లేదు, ఉండే బడి ఉంచేది లేదు. మంచి ప్లానే" అంది. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. లోపలి నుంచి ఏడుపేమీ వినపడలేదు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినపడింది. ఆ గిన్నెలు మేం భోంచేసినవి.

తర్వాత నేను చేయని పని లేదు. అర్జీలు రాశాను. జిల్లా ఆఫీసుకు నాలుగుసార్లు పోయాను. అక్కడి గుమాస్తా ప్రతిసారీ మర్యాదగానే చెప్పాడు, గడువు దాటినవి మా చేతిలో ఉండవండీ అని. ఆయన మర్యాదే నాకు పిచ్చెక్కించింది. ఆమె కోసం ఆత్మకూరు బస్సు ఒక్కసారి కూడా ఎక్కనివాణ్ణి, అంతా అయిపోయాక రోజూ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడు కూడా నా కోసమేనని ఆమెకు తెలుసు. వెంట రమ్మంటే ఒక్కసారీ రాలేదు.

చుట్టాలకు, సర్వరు పని చేయక ఉద్యోగం పోయిందని చెప్పుకునేవాణ్ణి. ఆమె చాలాకాలం ఆ మాట సాగనిచ్చింది. ఒక పెళ్లిలో వాళ్ల అన్న ముందు నేను అదే మొదలుపెడితే, మంచినీళ్లు తాగినంత మామూలుగా, "సర్వరు కాదన్నా. ఆయన ఫోను ఎత్తలేదు" అంది. వాళ్లన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే తేలికగా ఉండేది.

నా లక్ష్యాల కాగితం ప్రిన్సిపాలుకు ఇచ్చాను. నోటుబుక్కులోంచి మొదటి మూడేళ్లూ అందులోకి ఎక్కించి ఇచ్చాను. సిగ్గులేని పని, కానీ ఇచ్చాను. ఆయన దాన్ని చూడకుండానే కట్టలో పెట్టి, ఆదివారం స్పెషల్ క్లాసులు ఎవరు తీసుకుంటారని అడిగాడు. నేనే తీసుకున్నాను. పీహెచ్‌డీ లేదు, కర్నూలు లేదు, కోచింగ్ సెంటరు లేదు. అదే మూడో అంతస్తు. ఫ్యాను మాత్రం బాగు చేశారు.

తర్వాతి జూన్‌లో ఒక ఆదివారం రాత్రి భోజనాల దగ్గర, రేపటి నుంచి బేతంచెర్లలో పని చేస్తున్నానని చెప్పింది నా భార్య. అక్కడొక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు. తెలుగు చెప్పాలి, ఆడపిల్లల హాస్టలు చూసుకోవాలి. వారమంతా అక్కడే ఉండాలి, శనివారం సాయంత్రం రావచ్చు. ఇంటర్వ్యూకు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పాపకు తెలుసు. దరఖాస్తులో ఎవరి నంబరు ఇచ్చిందో అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.

సర్కారు ఉద్యోగానికీ దీనికీ పోలిక లేదు. పెన్షను లేదు, భద్రత లేదు, రాత్రిపూట పిల్లలకు జ్వరమొస్తే లేవాల్సింది ఈమే. అయినా నంద్యాల బస్టాండులో ఆమె పెట్టె పట్టుకుని నడుస్తుంటే, నా పక్కన నడిచేది ఉద్యోగానికి పోతున్న మనిషి అని తెలిసిపోతోంది. బస్సులో సగం మంది బేతంచెర్ల నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో బండలు కోసేవాళ్లు. ఒకాయన లేచి ఆమెకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. పెట్టె పైన సర్ది నేను దిగాను. కిటికీ దగ్గరికి పోయి, రాత్రంతా మనసులో తిప్పుకున్న మాట అడిగేశాను, ఒక్క మాట నాకెందుకు చెప్పలేదు అని.

ఆమె కోపంగా లేదు. బస్సు కదులుతుందేమోనని ముందుకు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"చెప్పింటే మీరేం చేసింటారు? కూర్చోని ఆలోచన చేసింటారు."

బస్సు కదిలింది. పాప బడి నుంచి నాలుగున్నరకు వస్తుంది, అప్పటికి ఇంట్లో ఉండండి అని కిటికీలోంచి చెప్పింది. ఆ రోజు కాలేజీలో సాయంత్రం స్పెషల్ క్లాసు ఉంది. ప్రిన్సిపాలుకు ఫోను చేసి రానన్నాను. ఎందుకని అడిగాడు. ఇంట్లో పని ఉందన్నాను.